వైద్యశాలకు అద్దం

పాఠ్యభాగ ఉద్దేశం

ఆసుపత్రుల పనితీరును గురించిన సమాచారాన్ని ప్రజల ముందుంచే ప్రయత్నాలు ఎలా ఆరంభమయ్యాయో, ఆ సమాచారంలో రోగులు దేనికి విలువ ఇస్తారో, వైద్యులు దేనికి విలువ ఇస్తారో తెలియజేయడం. అంకెలను వివేకంతో చదివే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషి నివసించదగిన ఊరు ఏదో చెబుతూ, అక్కడ తప్పక ఉండవలసినవారిలో వైద్యుణ్ణి కూడా చేర్చాడు సుమతీ శతకకర్త. ఊరిలో వైద్యుడు ఉండడమే భాగ్యమని భావించిన కాలమది. గుంటూరు ప్రాంతంలోని మల్కాపురంలో ఉన్న 1261 నాటి శాసనం మరొక విశేషాన్ని తెలియజేస్తుంది. కాకతీయ రుద్రమదేవి కాలానికి చెందిన ఆ శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయం నడవడానికి చేసిన ఏర్పాట్లు రాతిపై చెక్కి ఉన్నాయి. దానం ఎవరు చేశారో, దేనికోసం చేశారో పదిమందికీ తెలియాలని ఆనాటివారు కోరుకొన్నారు. అయితే ఆ ప్రసూతిశాలకు వచ్చిన తల్లులలో ఎందరు క్షేమంగా బిడ్డలతో ఇళ్లకు చేరుకొన్నారో ఆ శాసనం చెప్పదు. దానశాసనం చెప్పవలసిన సంగతి కాదది.

ఊరిలో వైద్యశాల ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. ఆ వైద్యశాల ఎలాంటిది అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు భవనమే సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం కావాలంటే లెక్కలు కావాలి. ఆ లెక్కలను దాచకుండా చెప్పే ధైర్యం కావాలి. విని అర్థం చేసుకొనే ఓర్పు కావాలి. ఈ మూడూ ఒకచోట చేరడం ఎంత కష్టమో గడచిన నూట అరవై ఏళ్ల చరిత్ర తెలియజేస్తున్నది.

తట్టి చూడలేని వస్తువు

కుండ కొనేవాడు వేలితో తట్టి చూస్తాడు. బియ్యం కొనేవాడు నాలుగు గింజలు నోట వేసుకొని కొరికి చూస్తాడు. ఎడ్లను కొనేవాడు పళ్లు లెక్కపెడతాడు. శస్త్రచికిత్స చేయించుకోబోయేవాడు దేనిని తట్టి చూడగలడు? చికిత్స జరిగేదాకా దాని మంచిచెడ్డలు తెలియవు. జరిగిన తరువాత తెలిసినా వెనుకకు ఇచ్చే వీలు లేదు. పైగా ఆ సమయానికి రోగి నొప్పితో ఉంటాడు, బంధువులు భయంతో ఉంటారు. ఇచ్చేవాడికి సర్వం తెలిసి, పుచ్చుకొనేవాడికి ఏమీ తెలియని ఇలాంటి వ్యవహారం లోకంలో మరొకటి అరుదు.

అందువల్లనే చాలామంది ఇరుగుపొరుగు మాటను నమ్ముకొంటారు. ‘మా మేనమామకు అక్కడే నయమైంది’ అన్న ఒక్క వాక్యం ఎందరినో ఒక ఆసుపత్రి గుమ్మం ఎక్కిస్తుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, అనుభవం ఉంది. కాని అది ఒక్కరి అనుభవం. అదే నెలలో అదే ఆసుపత్రి నుంచి నయం కాకుండా వెళ్లిన పదిమంది కథ ఆ వాక్యంలో లేదు. ఒక్క మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పవచ్చు. ఒక్క రోగిని చూసి ఆసుపత్రి గుణాన్ని చెప్పలేము. ఏ రోగికి నయమవుతుందన్నది అతని వయస్సు, వ్యాధి తీవ్రత, ఆసుపత్రికి చేరిన సమయం వంటి అనేక కారణాలపై ఆధారపడుతుంది. కాబట్టి అందరి లెక్కనూ ఒకచోట చేర్చి చూడడం అవసరమయింది.

నైటింగేల్ వెలిగించిన దీపం

ఈ ఆలోచనకు బలం చేకూర్చినవారిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ ముఖ్యురాలు. క్రిమియా యుద్ధకాలంలో గాయపడిన సైనికులకు సేవ చేసిన ‘దీపధారిణి’గా ఆమె లోకానికి తెలుసు. ఆమె చేతిలో మరొక దీపం కూడా ఉండేది. అది గణాంకశాస్త్రం. యుద్ధంలో తగిలిన గాయాలకంటె, ఆసుపత్రులలోని అపరిశుభ్రత వల్ల సోకిన వ్యాధులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని ఆమె లెక్కలతో, రేఖాచిత్రాలతో నిరూపించింది. ఆసుపత్రులన్నీ ఒకే పద్ధతిలో రోగుల లెక్కలు రాయాలని 1860లో లండనులో జరిగిన అంతర్జాతీయ గణాంక సమావేశానికి ప్రతిపాదన చేసింది.

1863లో వెలువడిన ఆమె గ్రంథం మూడవ ముద్రణలో ఒక పట్టిక పెద్ద వివాదానికి దారితీసింది. లండనులోని 24 ఆసుపత్రులలో మరణాల రేటు నూటికి 90కి పైగా ఉన్నట్లు అందులో కనిపించింది. వైద్యులు మండిపడ్డారు. ఆసుపత్రికి వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది చనిపోతున్నారా అని ప్రశ్నించారు. నిజానికి అంత ఘోరం జరగలేదు. ఏడాదిలో సంభవించిన మొత్తం మరణాలను, ఏడాది పొడుగునా చేరిన రోగుల సంఖ్యతో కాక, ఒకే ఒక్క రోజున ఆసుపత్రిలో ఉన్నవారి సంఖ్యతో భాగించారు. వంద మంచాలున్న ఆసుపత్రిలో ఏడాదికి వెయ్యిమంది చేరి, వారిలో 90 మంది మరణించారనుకొందాం. రోగుల లెక్కన అది 9 శాతం. మంచాల లెక్కన 90 శాతం. మరణాలు అవే, భాజకం మారగానే అర్థం మారిపోయింది.

ఈ వివాదంలో రెండు పక్షాల మాటలోనూ సత్యం ఉంది. ఆసుపత్రులు తమ ఫలితాలకు జవాబు చెప్పాలన్న నైటింగేల్ వాదం సరియైనది. ఆ జవాబును తప్పు తక్కెడలో తూచరాదన్న వైద్యుల ఆక్షేపణ కూడా సరియైనదే. ఆనాడు మొదలైన ఈ సంవాదమే నేటికీ కొత్త కొత్త రూపాలలో కొనసాగుతున్నది.

కాలిపోయిన జాబితా

అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. చికిత్స పొందిన ప్రతి రోగినీ కనీసం ఒక ఏడాది తరువాత మళ్లీ చూసి, అతనికి నిజంగా మేలు జరిగిందా, జరగకపోతే కారణమేమిటి అని రాసి ఉంచాలన్నది ఆయన సిద్ధాంతం. దీనిని ఆయన ‘తుది ఫలితం’ అన్నాడు. వినడానికి ఇది సామాన్యమైన మాటే. ఆచరణలో మాత్రం అది తోటివారికి కంటగింపయింది. వైద్యులకు పదోన్నతి వయస్సును బట్టి కాక ఫలితాలను బట్టి ఇవ్వాలని వాదించి, 1914లో ఆయన తాను పనిచేస్తున్న మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పదవికి రాజీనామా చేశాడు. తాను స్వయంగా నడిపిన చిన్న ఆసుపత్రి నుంచి 1911, 1916 సంవత్సరాల మధ్య ఇంటికి పంపిన 337 మంది రోగుల చికిత్సలో 123 పొరపాట్లు జరిగాయని ఆయనే అచ్చువేసి ప్రకటించాడు. తన తప్పులను తానే లెక్కించి లోకానికి చెప్పిన వైద్యుడు ఆ రోజులలో అరుదు.

ఆయన ప్రేరణతో అమెరికా శస్త్రవైద్యుల కళాశాల అనే సంస్థ ఆసుపత్రులకు కనీస ప్రమాణాలను నిర్ణయించింది. రోగి వివరాలను రాసి భద్రపరచడం, ప్రయోగశాల ఉండడం, వైద్యులు తమ ఫలితాలను క్రమంగా సమీక్షించుకోవడం వంటివి ఆ ప్రమాణాలు. వంద, అంతకంటె ఎక్కువ మంచాలున్న 692 ఆసుపత్రులను పరిశీలిస్తే, వాటిలో 89 మాత్రమే ఆ పరీక్షలో నెగ్గాయి. నెగ్గనివాటిలో దేశంలోకెల్ల పేరుమోసిన ఆసుపత్రులు కూడా ఉన్నాయి. ఆ పేర్లు బయటికి పొక్కుతాయన్న భయంతో, 1919లో న్యూయార్కులోని హోటల్ కొలిమిలో ఆ జాబితాను కాల్చివేశారు.

ప్రజలకు ఎంతో అవసరమైన సమాచారం ఆ కాగితాలలో ఉంది. అది చేరవలసినవారిని చేరకుండానే బూడిదయింది. అయినా ఆ పరీక్ష వ్యర్థం కాలేదు. తమ లోపం తమకు తెలిసిన ఆసుపత్రులు తరువాతి సంవత్సరాలలో క్రమంగా ప్రమాణాలను అందుకొన్నాయి. అద్దం ఇతరులు చూడకపోయినా, తన ముఖం తాను చూసుకొన్నవాడు మచ్చ తుడుచుకొంటాడని ఈ ఉదంతం తెలుపుతుంది.

గుండె చికిత్సలు - ప్రకటిత ఫలితాలు

డెబ్బై ఏళ్ల తరువాత న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఒక సాహసం చేసింది. గుండె రక్తనాళాలకు బైపాస్ శస్త్రచికిత్స చేసే ఆసుపత్రులన్నిటి నుంచి 1989 మొదలుకొని వివరాలు సేకరించి, ఏ ఆసుపత్రిలో ఎందరు మరణించారో ప్రకటించింది. శస్త్రవైద్యుల పేర్లతో కూడిన లెక్కలను మొదట బయటపెట్టలేదు. ‘న్యూస్‌డే’ అనే వార్తాపత్రిక న్యాయస్థానానికి వెళ్లింది. ప్రజలకు ఆ వివరాలు తెలుసుకొనే హక్కు ఉన్నదని తీర్పు వచ్చి, 1991లో అవి కూడా వెలుగు చూశాయి.

నైటింగేల్ కాలపు పొరపాటు పునరావృతం కాకుండా న్యూయార్క్ అధికారులు ఒక జాగ్రత్త తీసుకొన్నారు. రోగి వయస్సు, గుండె బలం, మూత్రపిండాల స్థితి, ఇతర వ్యాధులు మొదలైనవాటిని లెక్కలోకి తీసుకొని, అలాంటి రోగులలో సహజంగా ఎన్ని మరణాలు సంభవించవచ్చో అంచనా కట్టి, ఆ అంచనాతో అసలు మరణాలను పోల్చారు. ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

ఒక పట్టణ ఆసుపత్రిలో 200 మందికి చికిత్స జరిగింది. వారిలో తేలికపాటి వ్యాధిగలవారు 160 మంది, నలుగురు మరణించారు. తీవ్రమైన వ్యాధిగలవారు 40 మంది, ఆరుగురు మరణించారు. మొత్తం మరణాలు 10, అనగా 5 శాతం. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో కూడా 200 మందికే చికిత్స జరిగింది. అక్కడ తేలికపాటి వ్యాధిగలవారు 50 మంది, ఒకరు మరణించారు. తీవ్రమైన వ్యాధిగలవారు 150 మంది. 15 మంది మరణించారు. మొత్తం మరణాలు 16, అనగా 8 శాతం. పైపైన చూసేవారికి పట్టణ ఆసుపత్రే మేలనిపిస్తుంది. లోతుకు దిగితే, తేలికపాటి వ్యాధులలో పట్టణ ఆసుపత్రి మరణాల రేటు 2.5 శాతం, పెద్దాసుపత్రిది 2 శాతం. తీవ్రమైన వ్యాధులలో మొదటిదానిది 15 శాతం, రెండవదానిది 10 శాతం. రెండు తరగతులలోనూ పెద్దాసుపత్రే మెరుగు. ఎవరూ చేర్చుకోని బరువైన రోగులను చేర్చుకొన్నందుకే దానికి చెడ్డపేరు వచ్చింది. వైద్యులు కోరే న్యాయం ఇదే: మోసిన బరువును బట్టి నడకను కొలవాలి.

న్యూయార్క్ ప్రయత్నం ఫలించింది. వ్యాధి తీవ్రతను లెక్కించి సవరించిన మరణాల రేటు 1989లో 4.17 శాతం ఉండగా, 1992 నాటికి 2.45 శాతానికి తగ్గింది. ఆల్బనీ నగరంలోని సెయింట్ పీటర్స్ ఆసుపత్రి వృత్తాంతం మరింత బోధకమైనది. అక్కడి వైద్యులు ఫలితాలను విడదీసి చూడగా, లోపమంతా అత్యవసర పరిస్థితిలో వచ్చిన రోగుల విషయంలోనే ఉన్నట్లు తేలింది. 1992లో అలాంటి రోగులలో 26 శాతం మంది మరణించారు. రోగి స్థితిని ముందుగా కుదుటపరచకుండానే శస్త్రచికిత్సకు తీసుకొనిపోవడం దానికి కారణమని గ్రహించి, పద్ధతిని మార్చుకొన్నారు. మరుసటి ఏడాది ఆ తరగతిలో ఒక్క మరణం కూడా సంభవించలేదు. ఎవరినీ నిందించకుండా, ఎవరినీ తొలగించకుండా, ఒక్క పద్ధతి మార్పుతో ప్రాణాలు నిలిచాయి.

వైద్యుల శంక

అయినా వైద్యుల మనస్సులో ఒక శంక మిగిలిపోయింది. లెక్క ఎంత జాగ్రత్తగా కట్టినా రోగి బాధలోని అన్ని కోణాలూ అందులోకి రావు. పేరు చెడుతుందన్న భయంతో వైద్యులు కష్టమైన రోగులను తప్పించుకొంటే ఏమవుతుంది? ఈ భయం నిరాధారమైనది కాదు. న్యూయార్క్ బాటలోనే ఫలితాలను ప్రకటించిన పెన్సిల్వేనియా రాష్ట్రంలో వైద్యులను ప్రశ్నించి రూపొందించిన ఒక అధ్యయనం 1996లో వెలువడింది. తీవ్రమైన వ్యాధిగల రోగులకు శస్త్రవైద్యులను వెతకడం ఇదివరకటికంటె కష్టమైందని హృద్రోగ నిపుణులలో 59 శాతం మంది చెప్పారు. అలాంటివారికి శస్త్రచికిత్స చేయడానికి ఇదివరకటంత సుముఖంగా లేమని శస్త్రవైద్యులలో 63 శాతం మంది ఒప్పుకొన్నారు. రోగిని రక్షించడానికి పుట్టిన సమాచారమే, అందరికంటె ఎక్కువ ఆపదలో ఉన్న రోగికి తలుపు మూయించే ప్రమాదం ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఇంతకంటె పెద్ద ప్రమాదం మౌనంలో ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో శిశువులకు గుండె శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రి ఉదంతం అందుకు తార్కాణం. అక్కడి ఫలితాలు బాగా లేవని మత్తుమందు వైద్యుడు స్టీఫెన్ బోల్సిన్ లెక్కలు సేకరించి హెచ్చరించినా, చాలాకాలం పట్టించుకొన్నవారు లేరు. 2001లో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం, 1991, 1995 సంవత్సరాల మధ్య అక్కడ మరణించిన శిశువుల సంఖ్య, అలాంటి ఇతర ఆసుపత్రులతో పోల్చితే 30 నుంచి 35 వరకు ఎక్కువ. ఆ ఆసుపత్రిలో లెక్కలకు కొరత లేదు. వాటిని చూసి, అర్థం చేసుకొని, ఇక ఆపండి అని చెప్పవలసిన బాధ్యత ఎవరిదో తేలలేదు. తమ బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు ఆ లెక్కలు తెలియవు. అంకె అన్యాయం చేస్తుందన్న భయం ఒకవైపు. అంకెను దాచితే ప్రాణం పోతుందన్న సత్యం మరొకవైపు. ఈ రెంటి మధ్య దారి వెతకడమే ఈ విషయంలోని అసలు కష్టం.

రోగులు కోరేది

ఇంత శ్రమపడి ప్రకటించిన సమాచారాన్ని రోగులు చదివారా? పెన్సిల్వేనియాలోనే బైపాస్ శస్త్రచికిత్స చేయించుకొన్న 474 మందిని ప్రశ్నించిన మరొక అధ్యయనం 1998లో వెలువడింది. చికిత్సకు ముందు ఆ ఫలితాల పుస్తకం సంగతి తెలిసినవారు 12 శాతం మాత్రమే. తమ వైద్యుని స్థానాన్ని సరిగా తెలుసుకొని దానిని గట్టిగా పరిగణించినవారు నూటికి ఒకరైనా లేరు. ప్రజలకు తమ ప్రాణం మీద తీపి లేదని దీని అర్థం కాదు. గుండె నొప్పితో ఉన్న మనిషికి పట్టికలు చదివే తీరిక ఉండదు; ఉన్నా ఆ భాష అర్థం కాదు; అర్థమైనా ఆ పట్టికలో అతడు వెతికే సంగతి ఉండకపోవచ్చు.

రోగి వెతికే సంగతి ఏమిటి? వైద్యుడు తన మాట వింటాడా? జబ్బు ఏమిటో తనకు తెలిసే భాషలో చెబుతాడా? రాత్రివేళ పిలిస్తే నర్సు వస్తుందా? మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందా? మందు ఎందుకు ఇస్తున్నారో, దానివల్ల ఏ ఇబ్బంది రావచ్చో ముందుగా చెబుతారా? ఇంటికి వెళ్లాక ఎలా ఉండాలో వివరిస్తారా? ఇవి అల్పమైన కోరికలుగా కనిపించవచ్చు. అమెరికా ప్రభుత్వం 2008 నుంచి ఆసుపత్రులవారీగా ప్రకటించిన రోగుల అభిప్రాయ సేకరణలో సరిగ్గా ఇలాంటి ప్రశ్నలకే చోటు లభించింది. మందు వాడే విధం అర్థం కాని రోగి ఇంటికి వెళ్లి తప్పుగా వాడితే, ఎంత నిపుణుడైన శస్త్రవైద్యుని శ్రమ అయినా వృథా అవుతుంది. మర్యాద, వివరణ, పరిశుభ్రత అనేవి చికిత్సకు అలంకారాలు కావు. అవి చికిత్సలో భాగాలు.

లెబనాన్‌లో జన్మించి అమెరికాలో స్థిరపడిన అవెడిస్ డొనబెడియన్ అనే వైద్యాచార్యుడు 1966లో ఈ విషయానికి ఒక చక్కని విభజన చేశాడు. వైద్యసేవ నాణ్యతను మూడు మెట్లలో చూడాలన్నాడు. భవనాలు, పరికరాలు, సిబ్బంది మొదటి మెట్టు. చికిత్స జరిగే తీరు రెండవ మెట్టు. దానివల్ల కలిగిన ఫలితం మూడవ మెట్టు. ఈ దృష్టితో చూస్తే వైద్యులకూ రోగులకూ మధ్య ఉన్న తేడా స్పష్టమవుతుంది. వైద్యుడు ఫలితాన్ని కొలిచే తక్కెడ న్యాయంగా ఉండాలని పట్టుపడతాడు. రోగి తన కళ్లముందు జరిగే తీరుకు విలువ ఇస్తాడు. ఇద్దరూ చూసేది ఒకే వైద్యశాలను. నిలబడిన చోటు వేరు.

మన ప్రాంతంలో

భారతదేశంలో ఈ మార్గంలో కొన్ని అడుగులు పడ్డాయి. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం కేంద్ర ప్రభుత్వం 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలను రూపొందించింది. లభించే సేవలు, రోగుల హక్కులు, వనరులు, సహాయక సేవలు, చికిత్స, సంక్రమణ నివారణ, నాణ్యతా నిర్వహణ, ఫలితం అనే ఎనిమిది అంశాలను అవి పరిశీలిస్తాయి. పరిశుభ్రతను ప్రోత్సహించడానికి 2015లో ‘కాయకల్ప’ పురస్కారాలు, రోగుల అభిప్రాయాలను ఫోను ద్వారా సేకరించడానికి 2016లో ‘మేరా అస్పతాల్’ పథకం ఆరంభమయ్యాయి. 2010 నాటి వైద్య సంస్థల చట్టం కింద 2012లో వచ్చిన నియమాలు, ఆ చట్టాన్ని స్వీకరించిన రాష్ట్రాలలో ప్రతి ఆసుపత్రీ తన రుసుముల వివరాలను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ కంటికి కనిపించే చోట ప్రదర్శించాలని నిర్దేశించాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం ఆరంభమైన తరువాత, పేద కుటుంబాలకు సైతం పెద్ద చికిత్సల కోసం ఆసుపత్రిని ఎంచుకొనే అవకాశం కలిగింది. ఎంచుకొనే హక్కు వచ్చినంత మాత్రాన ఎంచుకొనే శక్తి రాదు. ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లాలో చాలా గ్రామాలలో ఇప్పటికీ ఆశా కార్యకర్తో, ఊరి వైద్యుడో, అంతకుముందు చికిత్స పొందిన బంధువో చెబుతారు. అందువల్ల నాణ్యతా సమాచారం నేరుగా రోగికి చేరకపోయినా, రోగి నమ్మే మనిషికి చేరితే చాలు. ఆ నోటి నుంచి అది తేట తెలుగులో రోగి చెవిని చేరుతుంది. ప్రజోపయోగం కోరి సమాచారాన్ని తయారుచేసేవారు గుర్తించవలసిన సత్యమిది.

నాలుగు పాదాలు

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరకసంహిత చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ పాదాలు. ప్రతి పాదానికీ నాలుగేసి గుణాలను ఆ గ్రంథం నిర్దేశించింది. వైద్యునికి శాస్త్రజ్ఞానంతోపాటు, చికిత్సలను అనేక పర్యాయాలు ప్రత్యక్షంగా చూసిన అనుభవం, నేర్పు, శుచిత్వం ఉండాలి. రోగికి జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించే స్వభావం, ధైర్యం ఉండాలి. వీటితోపాటు తన బాధను దాచకుండా చెప్పగలిగే గుణం కూడా ఉండాలి. రోగిని కేవలం చికిత్స పొందే వస్తువుగా కాక, చికిత్సను నిలబెట్టే ఒక పాదంగా భావించడం ఇందులోని విశేషం.

ఈ దృష్టిని నాణ్యతా సమాచారానికి అన్వయిస్తే దానికి కూడా నాలుగు గుణాలు అవసరమని తోస్తుంది. మొదటిది న్యాయం: బరువైన రోగులను చేర్చుకొన్న ఆసుపత్రికి శిక్ష పడకూడదు. రెండవది స్పష్టత: పదవ తరగతి చదివిన మనిషి చదివి అర్థం చేసుకొనేటట్లు ఉండాలి. మూడవది సమగ్రత: మరణసంఖ్యతోపాటు రోగి పొందిన మర్యాదకూ అందులో చోటుండాలి. నాలుగవది తాజాతనం: ఎప్పుడో ఏళ్ల కిందటి లెక్క నేటి రోగికి దారి చూపదు. మొదటి గుణం లేకపోతే వైద్యుడు నమ్మడు. రెండవది, మూడవది లేకపోతే రోగి చదవడు. నాలుగవది లేకపోతే చదివినా ప్రయోజనం లేదు.

రోగి తన వ్యాధిని దాచకూడదని ప్రాచీనులు చెప్పారు. దాచితే వైద్యుడు చికిత్స చేయలేడు. అదే నియమం వైద్యశాలకు కూడా వర్తిస్తుంది. తన లోపాన్ని దాచిన వైద్యశాలను బాగుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. రోగి తన బాధను చెప్పేటప్పుడు వైద్యుడు అతనిని నిందించక ఓర్పుతో వింటాడు. వైద్యశాల తన ఫలితాలను చెప్పేటప్పుడు సమాజం కూడా అంతే ఓర్పుతో వినాలి. కాడ్‌మన్ ఒక్కడే లెక్కలు చెప్పిన రోజులలో ఆ ఓర్పు లేదు. ఆ ఓర్పు కలిగిననాడు జాబితాలను కాల్చవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

కఠిన పదాలు - అర్థాలు

ఆక్షేపణ = అభ్యంతరం
భాజకం = భాగించే సంఖ్య
కంటగింపు = చూసి సహించలేనిది
ఉదంతం, వృత్తాంతం = జరిగిన సంగతి
తార్కాణం = నిదర్శనం
పునరావృతం = మళ్లీ జరగడం
సుముఖం = అనుకూలం
సంక్రమణ = ఒకరినుంచి మరొకరికి వ్యాపించడం
శుచిత్వం = పరిశుభ్రత, నిర్మలత్వం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆసుపత్రుల నాణ్యతా సమాచారంలో రోగులు కోరేదానికీ, వైద్యులు కోరేదానికీ ఉన్న తేడాను సోదాహరణంగా వివరించండి.
2. ఫలితాలను ప్రకటించడం వల్ల కలిగే మేలు, కీడు న్యూయార్క్, పెన్సిల్వేనియా, బ్రిస్టల్ ఉదంతాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. నైటింగేల్ పట్టికపై వైద్యులు ఎందుకు ఆక్షేపణ తెలిపారు?
2. పట్టణ ఆసుపత్రి, పెద్దాసుపత్రి ఉదాహరణ ద్వారా తెలిసే నీతి ఏమిటి?
3. డొనబెడియన్ చెప్పిన మూడు మెట్లు ఏవి?
4. చరకసంహిత రోగికి చెప్పిన గుణాలను పేర్కొనండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మల్కాపురం శాసనం ఎవరి కాలానికి చెందినది?
2. ‘తుది ఫలితం’ అన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించినది ఎవరు?
3. ‘మేరా అస్పతాల్’ పథకం ఏ సంవత్సరంలో ఆరంభమయింది?

IV. సంధులు
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశ సంధి
ప్రజోపయోగం = ప్రజా + ఉపయోగం - గుణ సంధి
వైద్యాచార్యుడు = వైద్య + ఆచార్యుడు - సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
శస్త్రచికిత్స - శస్త్రముతో చికిత్స - తృతీయా తత్పురుష సమాసం
మరణసంఖ్య - మరణముల యొక్క సంఖ్య - షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు పాదాలు - నాలుగు సంఖ్యగల పాదాలు - ద్విగు సమాసం
తల్లిదండ్రులు - తల్లియును, తండ్రియును - ద్వంద్వ సమాసం